ఒకే లోక్‌సభలో మూడు ప్రభుత్వాలు ఎలా వచ్చాయి? సభ గడువు, సర్కారు గడువు ఒకటేనా?

కడప నుంచి గ్రూప్-2కి చదువుకుంటున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "సార్, 1977లో ఎన్నికైన లోక్‌సభలో ఇద్దరు ప్రధానులు, 1996 లోక్‌సభలో ముగ్గురు ప్రధానులు అని చదివాను. ప్రభుత్వం పడిపోతే ఎన్నికలు రావాలి కదా? మళ్లీ ఓట్లు వేయకుండానే కొత్త ప్రభుత్వం ఎలా వచ్చింది? సీట్ల లెక్కలు కూడా ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉన్నాయి. ఏది నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది."

అమ్మా, ముందు సూటిగా జవాబు చెబుతాను. ఐదేళ్ల గడువు సభకి ఉంటుంది, ప్రభుత్వానికి ఉండదు. మనం ఓటేసి ఎన్నుకునేది సభ్యులను. ఆ సభ్యుల్లో ఎక్కువమంది ఎవరిని నమ్మితే వాళ్లది ప్రభుత్వం. ఆ నమ్మకం పోతే ప్రభుత్వం దిగిపోవాలి, సభ దిగనక్కర్లేదు. అదే సభలో ఇంకొకరికి బలం ఉందనిపిస్తే రాష్ట్రపతి వాళ్లను పిలుస్తారు. ఎవరికీ లేదని తేలినప్పుడో, ప్రధాని సలహా ఇస్తే దాన్ని రాష్ట్రపతి అంగీకరించినప్పుడో సభ రద్దయి ఎన్నికలు వస్తాయి. అందుకే ఒక సభలో ఒక ప్రభుత్వం ఉండొచ్చు, మూడు కూడా ఉండొచ్చు.

రాజ్యాంగంలో దీనికి మూడు అధికరణలు చూసుకో. 75(3) ప్రకారం మంత్రిమండలి మొత్తం లోక్‌సభకు జవాబుదారీ. 83(2) ప్రకారం సభ గడువు ఐదేళ్లు, అది మొదటి సమావేశం జరిగిన రోజు నుంచి లెక్క. ఫలితాలు వచ్చిన రోజు నుంచీ కాదు, ప్రధాని ప్రమాణం చేసిన రోజు నుంచీ కాదు. 85 ప్రకారం రద్దు చేసేది రాష్ట్రపతి. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చదివితే సగం అనుమానం అక్కడే తీరిపోతుంది.

నేను ముప్ఫై ఏళ్లు రాజనీతిశాస్త్రం పాఠం చెప్పాను, ఇప్పుడు అనంతపురంలో పోటీ పరీక్షల పిల్లలకు చెబుతున్నాను. పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. "ఆరో లోక్‌సభ అంటే మొరార్జీ దేశాయ్, పదకొండో లోక్‌సభ అంటే దేవెగౌడ" అని ఒక్కో సభకి ఒక్కో పేరు తగిలించి బట్టీ పడతారు. అలా పట్టిన బట్టీ ఒక్క ప్రశ్న అటూ ఇటూ మారిస్తే నిలబడదు.

ఆరో లోక్‌సభ ఒక్కటి బాగా చదివితే మిగతావన్నీ అర్థమవుతాయి. పైగా ఆ కథలో మన జిల్లాల మనిషే ఉన్నారు. కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

1977 మార్చిలో ఎన్నికలు. మొత్తం 542 స్థానాలు. జనతా పార్టీకి 295, కాంగ్రెస్‌కి 154. నీ పుస్తకాల్లో ఒకచోట జనతా 295 అని, ఇంకోచోట భారతీయ లోక్‌దళ్ 295 అని ఉంటుంది. రెండూ ఒకటే. జనతా పార్టీ అప్పుడే పుట్టింది, దానికంటూ గుర్తు లేదు. అందుకని లోక్‌దళ్ గుర్తు మీద పోటీ చేసింది. ఎన్నికల సంఘం లెక్కల్లో ఆ పేరుతోనే నమోదైంది.

ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయిన ఆ ఎన్నికల్లో మన రాష్ట్రంలో మాత్రం 42 స్థానాలకు 41 కాంగ్రెస్‌వే. జనతాకి దక్కిన ఒకే ఒక్క స్థానం నంద్యాల. గెలిచింది నీలం సంజీవరెడ్డి గారు, అనంతపురం జిల్లా ఇల్లూరు వారు. మార్చి 26న ఆయన స్పీకరయ్యారు. జులైలో ఆ పదవి వదిలి, పోటీ లేకుండా రాష్ట్రపతిగా ఎన్నికై, 25న ప్రమాణం చేశారు. అంటే నంద్యాల ఓటర్లు మార్చిలో ఎన్నుకున్న మనిషి నాలుగు నెలలకే ఆ సభలో సభ్యుడు కాదు, స్పీకర్ కాదు, ఆ సభను రద్దు చేసే అధికారం ఉన్న రాష్ట్రపతి. సభ కూర్పు అంటే మొదటి రోజు అంకెలే కాదని చెప్పడానికి పిల్లలకు నేను ఎప్పుడూ ముందు ఈ సంగతే చెబుతాను.

ఇక ఆ సభలో ప్రతిపక్ష నాయకుడి కుర్చీ చూడు. మొదట వై.బి.చవాన్. 1978 జనవరిలో కాంగ్రెస్ చీలింది, ఏప్రిల్‌లో ఆ కుర్చీ ఇందిర వర్గం నాయకుడు సి.ఎం.స్టీఫెన్‌కి వెళ్లింది. 1979 జులైలో మళ్లీ చవాన్. ఆ నెలాఖరులో జనతా నాయకుడు జగ్జీవన్ రామ్. రెండున్నరేళ్లు కూడా నిండని సభలో ఆ కుర్చీ మూడుసార్లు చేతులు మారింది. ఇందిరాగాంధీ గారు 1978 నవంబరులో చిక్‌మగళూరు ఉప ఎన్నికలో గెలిచి సభలోకి వచ్చారు, డిసెంబరులో సభే ఆమెను బహిష్కరించింది.

1979 జులైలో చవాన్ అవిశ్వాస తీర్మానం పెట్టారు. ఈలోగా జనతా ఎంపీలు గుంపులు గుంపులుగా బయటికి పోతున్నారు. అప్పటికి ఫిరాయింపుల చట్టం లేదు, పార్టీ మారినా సభ్యత్వానికి ఏమీ కాదు. 295 అనే అంకె కళ్లముందే కరిగిపోయింది. ఓటింగ్ దాకా ఆగకుండా జులై 15న ప్రధాని మొరార్జీ రాజీనామా చేశారు.

ఇప్పుడు సంజీవరెడ్డి గారు ఏం చేశారో వరుసగా చూడు. సభను వెంటనే రద్దు చేయలేదు. ముందు ప్రతిపక్ష నాయకుడైన చవాన్‌ని పిలిచారు. తన వల్ల కాదని ఆయన చెప్పాక, మొరార్జీ, జనతా నుంచి చీలిపోయిన చరణ్ సింగ్ ఇద్దరినీ మద్దతుదారుల జాబితాలు ఇమ్మన్నారు. చరణ్ సింగ్ వైపు ఎక్కువమంది కనిపించారు. జులై 28న ఆయన ప్రధాని అయ్యారు, ఆగస్టు మూడో వారంలోగా సభలో బలం నిరూపించుకోమన్నది షరతు. అవిశ్వాసం పెట్టిన చవాన్ కొత్త ప్రభుత్వంలో ఉప ప్రధాని. సభ అదే, సభ్యులు వాళ్లే, ఒక్క ఓటరు కూడా మళ్లీ బూత్‌కి వెళ్లలేదు. నీ ప్రశ్నకు అసలు జవాబు ఆ పదమూడు రోజుల్లోనే ఉంది.

బయటి నుంచి ఇస్తామన్న మద్దతును ఇందిరా కాంగ్రెస్ వెనక్కి తీసుకుంది. ఆగస్టు 20న చరణ్ సింగ్ సభను ఎదుర్కోకుండానే రాజీనామా చేసి, సభను రద్దు చేయమని సలహా ఇచ్చారు. 22న రాష్ట్రపతి రద్దు చేశారు. నా దగ్గరికి వచ్చిన ఒక గైడులో "చరణ్ సింగ్ విశ్వాస పరీక్షలో ఓడిపోయారు" అని అచ్చేశారు. అది తప్పు. ఆయన ఓడిపోలేదు, అసలు పరీక్షకే వెళ్లలేదు. ప్రధానిగా ఒక్క రోజు కూడా పార్లమెంటును ఎదుర్కోని ఏకైక ప్రధాని ఆయన. రాజీనామా చేశాక 1980 జనవరి 14 దాకా దాదాపు ఐదు నెలలు ఆపద్ధర్మ ప్రధానిగా ఉన్నారు. అంటే సభ లేకుండా ప్రభుత్వం నడిచిన కాలం, సభ ఉండగా నడిచిన కాలం కంటే చాలా ఎక్కువ.

రద్దుకు ముందు జగ్జీవన్ రామ్ తనకు అవకాశం ఇవ్వమని అడిగారు, రాష్ట్రపతి ఇవ్వలేదు. ఈ నిర్ణయం మీద ఇప్పటికీ వాదన ఉంది. నా అభిప్రాయం చెబుతాను, జవాబు పత్రంలో మాత్రం రెండు వైపులా రాయి. సంజీవరెడ్డి గారంటే మా ఇంట్లో అభిమానం, మా నాన్న ఆయన గురించి ఒక్క మాట పడనిచ్చేవారు కాదు. అయినా నేననుకునేది, సభ విశ్వాసాన్ని ఒక్కసారి కూడా పొందని ప్రధాని ఇచ్చిన రద్దు సలహాకు అంత బరువు ఇవ్వకుండా ఉండాల్సింది. జగ్జీవన్ రామ్‌కి ఒక వారం గడువిచ్చి సభలోనే తేల్చుకోమని ఉంటే బాగుండేది. అటువైపు వాళ్లనేది కూడా తీసిపారేసేది కాదు: ఎంపీలు రోజుకో గుంపు మారుతున్నప్పుడు ఇంకో బలహీన ప్రభుత్వాన్ని కూర్చోబెట్టడం కంటే జనం దగ్గరికి వెళ్లడమే మేలు అని.

తర్వాత వచ్చిన రాష్ట్రపతులు కూడా పెద్ద పక్షాన్ని ముందు పిలవడం, గడువు పెట్టి సభలో బలం చూపమనడం చేస్తూనే వచ్చారు. 1990లో వి.పి.సింగ్ ఓడాక వెంకట్రామన్ గారు ముందు రాజీవ్ గాంధీని అడిగారు, తర్వాత మిగతా పక్షాలను అడిగారు, చివరికి సుమారు 60 మంది బలం, కాంగ్రెస్ బయటి మద్దతు ఉన్న చంద్రశేఖర్‌కి అవకాశం ఇచ్చారు. తొమ్మిదో లోక్‌సభలో రెండో ప్రభుత్వం అలా వచ్చింది. నాలుగు నెలలకు అదీ పోయి, 1991 మార్చిలో సభ రద్దయింది.

రెండో గందరగోళం: సభలో లేని మనిషి ప్రధాని కావచ్చా? కావచ్చు. 75(5) ప్రకారం ఆరు నెలల్లోగా ఏదో ఒక సభలో సభ్యుడైతే చాలు. దీనికి అప్పటి కర్నూలు జిల్లాలోనే ఉదాహరణ ఉంది, అందులో నాకూ ఒక చిన్న పాత్ర ఉంది. 1991 జూన్ 21న పి.వి.నరసింహారావు గారు ప్రధాని అయ్యేనాటికి ఏ సభలోనూ లేరు. నంద్యాల ఎంపీ గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేస్తే నవంబరులో ఉప ఎన్నిక వచ్చింది. నేను అప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్చరర్ని. కోవెలకుంట్ల వైపు ఒక పల్లె బడిలో ప్రిసైడింగ్ ఆఫీసర్ డ్యూటీ వేశారు.

అప్పట్లో బ్యాలెట్ పేపర్లు, ఇనుప పెట్టెలు. ముందు రోజు రాత్రి బడి బెంచీల మీద లాంతరు పెట్టుకుని పేపర్ల వెనక సంతకాలు చేస్తూ కూర్చున్నాం. పొద్దున ఒక పెద్దాయన భుజాన టవలు సర్దుకుంటూ వచ్చి, వేలికి సిరా పెట్టించుకుని, పేపరు చేతికివ్వబోతే తీసుకోకుండా అడిగాడు: "ఆయప్ప అప్పుడే ప్రధానమంత్రి అయినాడు గదా సామీ, మళ్లా మా ఓటు ఏంటికి?" బూత్‌లో అభ్యర్థి గురించి నేను మాట్లాడకూడదు. "నీ ఓటు నువ్వు వెయ్యి పెద్దాయనా, సాయంత్రం చెబుతా" అన్నాను. నిజంగానే సాయంత్రం పెట్టెకు లక్క సీలు వేసేటప్పుడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆరు నెలల నియమం చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే మేం వెయ్యకుంటే దిగిపోవాల్సిందేనన్నమాట" అన్నాడు. రాజ్యసభ దారి కూడా ఉంది కాబట్టి అది పూర్తిగా నిజం కాదు, కానీ 75(5)ని అంత తక్కువ మాటల్లో పట్టుకున్న విద్యార్థి నాకు తర్వాత దొరకలేదు. ఆ ఎన్నికలో తెలుగుదేశం అభ్యర్థిని పెట్టలేదు, పి.వి. గారు 5 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు.

ఆ పదో లోక్‌సభ గురించి ఇంకొక్క మాట. మొదటి నుంచీ పి.వి. గారిది మైనారిటీ ప్రభుత్వం. 1991లో కాంగ్రెస్‌కి 232 అని ఒకచోట, 244 అని ఇంకోచోట చూసి ఉంటావు. ఆ ఏడాది పంజాబ్‌లో ఎన్నికలు జరగలేదు, 1992 ఫిబ్రవరిలో జరిగితే అక్కడి 13లో 12 కాంగ్రెస్ గెలిచింది. 232కి 12 కలిపితే 244. రెండూ సరైన అంకెలే, రోజులు వేరు. 1993 జులై 28న అవిశ్వాసాన్ని 265–251తో నెగ్గారు. ఆ ఓట్ల కోసం డబ్బు చేతులు మారిందన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సభలో ఓటేసిన ఎంపీలకు రక్షణ ఉంటుందని 1998లో వచ్చిన తీర్పును 2024 మార్చిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. ఈ రెండు తీర్పులూ కలిపి చదువు, పరీక్షలో అడగడానికి వీలున్న భాగం.

నీ సీట్ల లెక్కలు కలవకపోవడానికి కారణాలు చాలావరకు ఇలాంటివే. 1989లో అస్సాంలో ఎన్నికలు జరగలేదు, అందుకే 529 స్థానాలకే ఫలితాలు. 1984లో రాజీవ్ కాంగ్రెస్‌కి 404, తర్వాత పంజాబ్, అస్సాం కలిశాక 414. మొత్తం 543 అని ఒకరు, 545 అని ఇంకొకరు రాస్తే, ఆ తేడా రాష్ట్రపతి నామినేట్ చేసే ఇద్దరు ఆంగ్లో-ఇండియన్ సభ్యులది. 104వ సవరణతో 2020 జనవరి నుంచి ఆ ఇద్దరూ లేరు. కాబట్టి ఏ అంకె చూసినా పక్కన తేదీ రాసుకో. తేదీ లేని సీట్ల లెక్కను నేను పిల్లల నోట్సులో ఉండనివ్వను.

ఇక నువ్వు అడిగిన పదకొండో లోక్‌సభ. ఆరోది అర్థమైతే దీనికి ఎక్కువసేపు పట్టదు. 1996లో బీజేపీ 161, కాంగ్రెస్ 140, జనతాదళ్ 46. ఎవరికీ 272 లేదు. పెద్ద పార్టీ అని రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ గారు వాజ్‌పేయిని పిలిచారు. మే 16న ప్రమాణం, 28న ఓటింగ్ జరగకుండానే రాజీనామా ప్రకటన. జూన్ 1న యునైటెడ్ ఫ్రంట్ కూటమి తరఫున దేవెగౌడ, కాంగ్రెస్ బయటి మద్దతుతో. ఆయన కూడా ఆ రోజుకి ఎంపీ కాదు, కర్ణాటక ముఖ్యమంత్రిగా ఉండి వచ్చారు. 1997 ఏప్రిల్ 11న విశ్వాస పరీక్షలో ఓడారు. ఏప్రిల్ 21న గుజ్రాల్, అదే కూటమి, అదే కాంగ్రెస్ మద్దతు. నవంబరు 28న కాంగ్రెస్ తప్పుకుంటే రాజీనామా, డిసెంబరు 4న సభ రద్దు. ఏడాదిన్నరలో మూడు ప్రభుత్వాలు. ఇందులో కాంగ్రెస్ ఒక్కసారి కూడా మంత్రివర్గంలో లేదు, కానీ రెండు ప్రభుత్వాలు ఎప్పటిదాకా ఉండాలో అదే తేల్చింది. బయటి మద్దతు అంటే ఏమిటో ఎవరైనా అడిగితే ఈ సభను చూపించు. 16 మంది ఎంపీలున్న తెలుగుదేశం ఆ యునైటెడ్ ఫ్రంట్‌లో ఉంది, చంద్రబాబు కన్వీనర్. 2024లోనూ తెలుగుదేశానికి 16 మందే, ఆ సభలోనూ ఎవరికీ సొంతంగా 272 లేదు.

పి.వి. గారు 1996లో నంద్యాలలోనూ ఒడిశాలోని బరంపురంలోనూ గెలిచి నంద్యాల వదులుకున్నారు. ఉప ఎన్నికలో అది తెలుగుదేశానికి వెళ్లింది. చూశావా, ఎవరూ పార్టీ మారకుండానే రెండు పార్టీల అంకెలు మారాయి.

చాలామందికి తెలియని ఒక సంగతి: ఇప్పటిదాకా ఏ అవిశ్వాస తీర్మానమూ లోక్‌సభలో నెగ్గలేదు. మొరార్జీది ఓటింగ్‌కి రాలేదు. సభలో ఓడి దిగిన ప్రధానులు ముగ్గురు: 1990లో వి.పి.సింగ్, 1997లో దేవెగౌడ, 1999లో వాజ్‌పేయి. ముగ్గురూ ఓడింది తాము పెట్టుకున్న విశ్వాస తీర్మానాల్లోనే. వాజ్‌పేయి ఓడింది 269–270తో, ఒక్క ఓటు తేడా. ఆ రోజు సమానంగా వచ్చి ఉంటే స్పీకర్ బాలయోగి గారికి 100వ అధికరణ కింద నిర్ణాయక ఓటు ఉండేది. అవిశ్వాసం, విశ్వాసం అనే రెండు మాటలను కలిపేసి రాసి మార్కులు పోగొట్టుకున్న పిల్లలను ఏటా చూస్తున్నాను, బాధేస్తుంది.

ఒక జాగ్రత్త. 1979లో జరిగినట్టు ఇప్పుడు జరుగుతుందని రాయొద్దు. 1985లో 52వ సవరణతో ఫిరాయింపుల నిరోధం వచ్చింది. అప్పుడు కూడా మూడో వంతు మంది కలిసి పోతే చీలికగా చెల్లేది. 2003లో 91వ సవరణ ఆ దారి మూసేసింది, ఇప్పుడు మూడింట రెండు వంతుల మంది వేరే పార్టీలో విలీనం అయితేనే రక్షణ. మంత్రుల సంఖ్యకు సభలో 15 శాతం అనే పరిమితి కూడా ఆ సవరణదే. అందుకే ఇప్పుడు ఎంపీలు విడివిడిగా జారిపోవడం కష్టం, మద్దతిచ్చే పార్టీ మొత్తంగా తప్పుకోవడం సులువు.

ప్రభుత్వం మారిన ప్రతిసారీ ఎవరో ఓడారనీ అనుకోకు. మూడో లోక్‌సభలో నెహ్రూ, శాస్త్రి ఇద్దరూ పదవిలో ఉండగానే పోయారు, రెండుసార్లూ గుల్జారీలాల్ నందా తాత్కాలికంగా నడిపారు, 1966 జనవరిలో ఇందిరాగాంధీ వచ్చారు. ప్రభుత్వాలు మారాయి, మెజారిటీ మాత్రం అదే పార్టీది.

చదివే పద్ధతి కూడా చెబుతాను: ఒక్కో లోక్‌సభకి నోట్సులో ఒక్కో పేజీ తీసుకుని మధ్యలో గీత గీయి. ఎడమవైపు సభ: మొదటి సమావేశం తేదీ, మొదటి రోజు పార్టీల బలం, చీలికలు, ఉప ఎన్నికలు, రద్దయిన తేదీ. కుడివైపు ప్రభుత్వాలు: ఎవరు, ఏ రోజు వచ్చారు, ఎవరి మద్దతుతో, ఎలా పోయారు. "ఎలా పోయారు" అన్నచోట ఓటింగ్‌లో ఓటమి, ఓటింగ్‌కి ముందే రాజీనామా, మరణం, గడువు ముగింపు, ఈ నాలుగింటిలో ఒకటి రాయి. ఐదో లోక్‌సభ పేజీ దగ్గర మాత్రం జాగ్రత్త. ఎమర్జెన్సీలో దాని గడువును చట్టంతో రెండుసార్లు పొడిగించారు. 42వ సవరణ ఐదేళ్లను ఆరేళ్లు చేసింది, 44వది మళ్లీ ఐదుకి తెచ్చింది.

ముందు తొమ్మిదో లోక్‌సభ పేజీ నువ్వే రాసుకో. నేను పైన సగమే చెప్పాను. 1989 నవంబరులో కాంగ్రెస్ 197తో పెద్ద పార్టీగా ఉండి కూడా 143 ఉన్న జనతాదళ్ ప్రభుత్వం ఎలా వచ్చిందో, బీజేపీ 85, సీపీఎం 33 ఒకే ప్రభుత్వానికి బయటి నుంచి ఎలా మద్దతిచ్చాయో నీ మాటల్లో రాసి పంపు, చూసి చెబుతాను.